లాకుల బావగారి ఫ్లాషు

కిందటి నెల పాలకొల్లులో మా దూరపు చుట్టాల పిల్ల ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళాను. భోజనం చేసి, స్టేజీ ఎక్కి, అక్షింతలు వేసి పిల్ల పక్కన నిలబడ్డాను. ఫోటోగ్రాఫరు ఫ్లాషు మూతిని హాలు కప్పు వైపు తిప్పి టప్పుమనిపించాడు. కెమెరా వెనక తెరలో బొమ్మ చూసుకున్నాడు. తరవాత నా దగ్గరకొచ్చి, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని చెబుతున్నంత మెల్లగా, "మీరేం కంగారు పడకండి మేడమ్. ఆ మచ్చ ఆల్బంలో తీసేస్తామండి. దానికి ఎక్స్‌ట్రా ఏమీ ఉండదు, ఆయ్" అన్నాడు.

"తీసి ఎక్కడ పెడతారండీ?" అన్నాను.

"అంటే, క్లీన్ చేసేస్తామండి."

"అది మురికి కాదు బాబూ, బొల్లి. నాతోపాటే కాపురం చేస్తోంది. దాని జోలికి వెళ్ళకండి."

పిల్ల తల్లి నా మోచెయ్యి పట్టుకుని మెట్ల వైపు నడిపించింది. శుభమా అని పిలిస్తే ఇక్కడ కూడానా అని ఆవిడ మొహం మీద రాసుంది.

నా ఎడమ పెదవి చివర మొదలై చెంప మధ్యదాకా పాకిన తెల్లమచ్చ అది. పిల్లలు పుట్టాక వచ్చింది. వచ్చిన కొత్తలో చేపలు తిని పాలు తాగావా అని అడిగినవాళ్ళున్నారు. ఎవరి మొక్కు తీర్చలేదో గుర్తు తెచ్చుకోమన్నవాళ్ళున్నారు. తలా ఒక సమాధానం చెప్పి పంపించాను కాబట్టి ఇప్పుడెవరూ అడగరు. ఫోటోలు తీసేవాళ్ళు మాత్రం అడగనైనా అడగరు. వాళ్ళంతట వాళ్ళే దయ చూపించేస్తారు. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

స్టేజీ దిగుతుంటే మా బావగారు గుర్తొచ్చారు. మా ఆయనకి అన్నగారు, కిందటి వానాకాలంలో పోయారు. ఆయనే గనక అక్కడ ఉంటే నా మచ్చ సంగతి అటుంచి, ముందు ఆ ఫోటోగ్రాఫరు భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళేవారు. "ఏం బాబూ, కప్పు ఎంతెత్తుందో చూశావా? అంత పైకి వెళ్ళి కిందికి దిగేసరికి నీ వెలుగు శివారు చేలకి నీళ్ళందినట్టే" అని మొదలుపెట్టి, రెండో బంతి లేచేదాకా వదిలేవారు కాదు.

ఆయన ఉద్యోగమంతా కాలవ లాకుల మీద గడిచింది. గేట్లు ఎత్తించడం, దించడం, ఎగువ మట్టం ఎంత, దిగువ మట్టం ఎంత అని చూసుకోవడం. రిటైరై నరసాపురం వచ్చి మా ఇంటి కింద వాటాలో దిగాక, ఎత్తడానికి గేట్లు లేక ఆయనకి తోచలేదు. కెమెరా కొన్నారు. అంతటితో ఆగి ఉంటే మేమందరం సుఖంగా ఉండేవాళ్ళం. రాజమండ్రి వెళ్ళి ఫ్లాషు కొన్నారు. దానికి తోడు ఇంకో ఫ్లాషు, ఎవరో వాడి వదిలేసింది, అది కూడా పట్టుకొచ్చారు. ఆ రెండోది బుద్ధి పుడితే వెలిగేది, లేకపోతే కుయ్యిమని మూలిగి ఊరుకునేది. బ్యాటరీలు మార్చి, తుడిచి, బతిమాలితే గాని పలికేది కాదు. దానికి కొత్తల్లుడని పేరు పెట్టాను. ఆ పేరు ఆయనకి నచ్చింది. "కొత్తల్లుడు ఇవాళ అలక మీదున్నాడమ్మా" అనేవారు.

బనీను, మోకాళ్ళ పైకి మడిచిన లుంగీ, నుదుటి మీదికి తోసిన కళ్ళద్దాలు, మణికట్టుకి వరసగా రబ్బరు బ్యాండ్లు. ఆయన్ని తలుచుకుంటే ముందు ఆ రబ్బరు బ్యాండ్లే కనిపిస్తాయి. ఇంట్లో ఏ వస్తువునైనా వాటితో ఫ్లాషుకి కట్టేసేవారు. ఇడ్లీ రేకు కట్టి గోడ మీద చుక్కలు పడేలా కొట్టారు. పిండి జల్లెడ కట్టారు. ఫ్రిజ్ కొన్నప్పుడు వచ్చిన థర్మోకోలు ముక్కల్ని పారేయనిచ్చేవారు కాదు. పాత గొడుగు లోపల వెండి కాగితం అంటించి, అది పట్టుకుని నడవాలో నిలబడితే పోస్టు ఇవ్వడానికి వచ్చినతను గేటు దగ్గరే ఆగిపోయాడు.

ఆయన లెక్కలో వెలుగు, నీళ్ళు ఒకటే. "ఎదురుగా వదిలితే గట్టు తెగ్గొట్టేస్తుందమ్మా. మళ్ళించాలి. పక్కనున్న చిన్న బోదె కాలవలోంచి నెమ్మదిగా పారించాలి" అనేవారు. ఇంకో మాట కూడా ఉండేది, వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. "ఎదురుగా కొట్టే ఫ్లాషు ఏంటో తెలుసా? దొంగ మొహం మీద పోలీసోడు వేసే టార్చి. వెలుగు చుట్టంలా రావాలండి. చెప్పులు పక్కన విడిచి, కాళ్ళు కడుక్కుని, అందరూ బావున్నారా అని అడిగి, అప్పుడు లోపలికి రావాలి."

"మీ చుట్టం కాళ్ళు కడుక్కునేసరికి నా పులుసు చల్లారిపోతోంది బావగారూ" అనేదాన్ని. ఎందుకంటే ఆయన పులుసుని కూడా వదిలేవారు కాదు. గిన్నె మీద ఆవిరి లేస్తుంటే వెనకనుంచి ఫ్లాషు కొట్టాలట. ఆవిరి కనిపించే ఫోటో వచ్చేదాకా ఎవరం కంచం ముందు పెట్టుకోకూడదు. మా ఆయన ఈ బాధ పడలేక ఆదివారాలు కూడా తన షాపు తెరిచి కూర్చోవడం మొదలెట్టారు.

గోడ మీంచి వెలుగు మళ్ళిస్తే మెత్తగా వస్తుందని కనిపెట్టిన రోజున అందరినీ హాల్లో కూర్చోబెట్టారు. ఆ గోడకి ఆయన భార్య, మా అక్కయ్య, ముచ్చటపడి వేయించుకున్న లేత పచ్చరంగు ఉంది. ఫ్లాషు ఆ గోడకి కొట్టుకుని మా మీద పడింది. ఫోటోలో ఇంటిల్లిపాదీ పెసరట్టు పిండి పూసుకున్నట్టున్నాం. మర్నాడు పొద్దున్నే సున్నం కలిపి గోడకి పట్టించేశారు. అక్కయ్య వారం దాకా ఆయనతో మాట్లాడలేదు. ఆయన అదేదీ గమనించలేదు, తెల్లగోడ దొరికిన ఆనందంలో ఉన్నారు.

నేను లేసు వ్యాపారం చేస్తాను. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు అల్లినవి తీసుకొచ్చి, ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి అమ్ముతాను. అంటే మా ఇంటినిండా తెల్లటి లేసు ఉంటుంది. ఫ్లాషు పిచ్చి ఉన్న మనిషికి అంతకన్నా ఏం కావాలి? నేను ఊళ్ళు తిరగడానికి వెళ్ళినప్పుడల్లా ఒక టేబుల్ క్లాతు మాయమై కింద వాటాలో దండెం మీద వేలాడేది. ఒకసారి పిన్నీసులు పెట్టి వదిలేశారు. తీసేసరికి తుప్పు మరకలు. నిమ్మకాయ, ఉప్పు పెట్టి రుద్దినా పోలేదు.

"ఇది ఎవరు కొంటారండీ?" అని ఆయన ముందు పరిచాను.

ఆయన వంగి, మరక పక్కన అల్లిక మీద వేలు పెట్టి, "ఈ కన్నం చూశావా, నీడ ఎంత బాగా పడుతుందో" అన్నారు.

ఇలాంటి మనిషితో ఎలా వాదించాలి? అయినా వాదించేదాన్ని. ఆయన కూడా ఏనాడూ మరదలు కదా అని నన్ను పోనీలే అనలేదు. సమానంగా తిట్లు తిన్నారు, సమానంగా పెట్టారు. ఇంట్లో మిగిలినవాళ్ళు నాతో మాట్లాడేటప్పుడు నా కుడికన్ను వైపే చూస్తారు. ఆయన ఎడమ చెంప వైపు కూడా చూసేవారు. వెలుగు ఎలా పడుతోందో చూడటానికే అయినా, చూసేవారు.

అందుకే కార్డు విషయంలో ఆయన దగ్గరకెళ్ళాను.

చేతిపనివాళ్ళకిచ్చే గుర్తింపు కార్డు అది. అది ఉంటే ఎగ్జిబిషన్‌లో నా పేరుమీద నాకే స్టాలు వస్తుంది, ఇంకొకరి బల్ల చివర నిలబడక్కర్లేదు. నెలాఖరులోపల కాగితాలివ్వాలి. బజార్లో స్టూడియోకి వెళ్ళి ఫోటో దిగాను. కవర్లో పెట్టి ఇచ్చింది చూడకుండా ఆఫీసుకి పట్టుకెళ్ళడం నా తెలివితక్కువ. గుమాస్తా ఫోటో చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫోటో చూసి, "ఈవిడ మీ చెల్లెలాండి?" అన్నాడు. స్టూడియో ఆయన కంప్యూటర్లో నా మచ్చ తుడిచేసి, పనిలో పనిగా పదేళ్ళు కూడా తీసేశాడు.

ఇంటికొచ్చి ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ బయటికి తీసి చూశాను. మచ్చ వచ్చాక తీసిన ప్రతిదాంట్లోనూ నేను కుడి చెంప మాత్రమే కనిపించేలా తిరిగి ఉన్నాను. లేకపోతే ఎవరి భుజం వెనకో ఉన్నాను. కొంగు చెంప మీద ఉంది. ఎవరో ఒకరు "కొంచెం ఇటు తిరగండి" అంటే తిరిగాను. ఇన్నేళ్ళలో నా మొహం ఒక్క ఫోటోలోనూ లేదు. కార్డు సరే. నాకప్పుడు కార్డుని మించిన పంతం పట్టుకుంది.

"బావగారూ, ఒక్క ఫోటో తియ్యండి. ఉన్నది ఉన్నట్టు. ఎదురుగా ఫ్లాషు పెట్టి ఒక్కటి కొట్టండి, చాలు" అన్నాను.

"ఎదురుగానా?" అన్నారాయన, ఆవకాయలో పంచదార వెయ్యమన్నట్టు. "నా చేత్తోనా?"

ఆ వారమంతా నా బతుకు స్టూలు మీదే. గొడుగు ఎడమ పక్క పెట్టి తీశారు, కుడి చెంప చీకటైంది. కుడి పక్క పెట్టి తీశారు, మచ్చ చీకట్లోకి పోయింది. పైనుంచి తీశారు, కళ్ళు గుంటలు పడి పోలీస్ స్టేషన్లో గోడ మీద అంటించే ఫోటోలా వచ్చింది. వెలుగు కిందనుంచి మళ్ళాలని పళ్ళెం ఒళ్ళో పెట్టుకోమన్నారు. మెడ ఎత్తమన్నారు. కొత్తల్లుడు అలిగాడు. గంజి మరుగుతోందని నేను లేవబోతే "ఒక్క నిమిషం" అన్నారు. ఆయన నిమిషానికి హద్దు లేదు. చివరికి ఒకరోజు మధ్యాహ్నం నా లేసుల్లో పెద్దది ఒకటి తీసి, నా మొహానికి దగ్గరగా దండెం మీద వేశారు. ఫ్లాషు దూరంగా వంటింటి గుమ్మంలో పెట్టి కొట్టారు.

ఆ ఫోటో అందంగా ఉంది. లేదంటే అబద్ధం చెప్పినట్టవుతుంది. అల్లికలో ఉన్న పువ్వులు, కాడలు, కన్నాలు అన్నీ వెలుగూ నీడలుగా నా నుదుటి మీద, చెంపల మీద, మెడ మీద పడ్డాయి. ఒళ్ళంతా లేసు మొలిచినట్టున్నాను. అక్కయ్య చూసి బుగ్గ నొక్కుకుంది.

"ఎంత బావున్నావే! సినిమా ఆవిడలా ఉన్నావు. మచ్చ ఎక్కడుందో తెలియట్లేదే!"

ఆ మాటతో నాకు తల తిరిగిపోయింది.

"అయితే మీరూ దాచేశారన్నమాట" అన్నాను బావగారితో. "స్టూడియో వాడు కంప్యూటర్లో తుడిచాడు, మీరు నా లేసుతోనే తుడిచారు. అంతేగా తేడా?"

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీంచి కిందికి దించుకున్నారు. నిజంగా నొచ్చుకున్నప్పుడే ఆ పని చేసేవారు.

"దాచలేదమ్మా. మొహమంతా మచ్చలే చేశాను. ఆ ఒక్కటీ ఒంటరిగా ఎందుకుండాలని."

"దానికి తోడు కావాలని నేనడిగానాండీ? నన్ను చూసినవాడు ఫోటో చూసి ఇది ఈవిడే అనాలి. నేనడిగింది అదొక్కటే. అదొక్కటే మీకు చేతకావట్లేదు."

"పోనీ ఊరుకోవే" అంది అక్కయ్య.

"నువ్వుండు" అన్నారాయన ఆవిడతో. కెమెరా మీదే ఫ్లాషు బిగించారు, నాకెదురుగా వచ్చి నిలబడ్డారు. "ఎదురుగానే కావాలన్నావుగా? చూసుకో" అని మొహం మీద కొట్టారు. కాసేపు నాకు కళ్ళముందు ఊదారంగు మచ్చ తప్ప ఏమీ కనపడలేదు. ఆయన తెర నా వైపు తిప్పారు. బొల్లి ఉన్న చెంపా, లేని చెంపా రెండూ ఒకేలా తెల్లగా వెలిసిపోయి ఉన్నాయి. ఎదురుగా కొట్టిన వెలుగు కూడా మచ్చని మింగేసింది.

"ఏదీ నీ మచ్చ? వెతుక్కో" అన్నారు. గెలిచినట్టు అనలేదు, విసుగ్గా అన్నారు. అన్నం తినకుండానే వీధిలోకి వెళ్ళిపోయారు.

ఇంక నెలాఖరుకి రెండు రోజులుంది. ఆ సాయంత్రం నేను గోడ వైపు తిరిగి లేసులు మడతపెడుతుంటే ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మధ్యాహ్నం సంగతి ఎత్తలేదు.

"లాకులో పడవ దాటడం ఎప్పుడైనా చూశావా?"

"చిన్నప్పుడెప్పుడో."

"ఎగువ నీళ్ళు ఎత్తున ఉంటాయి, దిగువవి పల్లాన ఉంటాయి. ఆ తేడా ఉండగా గేటు తీస్తే పడవ బద్దలైపోద్ది. లోపలికి కొంచెం కొంచెం నీళ్ళు వదిలి అటూ ఇటూ మట్టం ఒకటి చెయ్యాలి. అప్పుడు ఇంత గేటు కూడా గొడవ చెయ్యకుండా తెరుచుకుంటుంది." కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "నీకు ఇన్నాళ్ళూ ఒక పక్కనుంచే వదులుతున్నాను" అన్నారు.

మర్నాడు పొద్దున్న ఉతికిన పంచెలు రెండు తీసి నాకు అటొకటి, ఇటొకటి తెరల్లా కట్టారు. ఒకదాని వెనక మంచి ఫ్లాషు, ఇంకోదాని వెనక కొత్తల్లుడు. దేన్ని ఎంత తగ్గించాలో చూసుకోవడానికి నా ముక్కుని కొలబద్ద చేసుకున్నారు. ముక్కుకి ఏ పక్క నీడ పడినా అటు మట్టం తక్కువున్నట్టు. ముందుకి జరిపారు, వెనక్కి జరిపారు, పంచె రెండు మడతలు వేశారు. చేతికున్న రబ్బరు బ్యాండ్లు అయిపోతే అక్కయ్య జడకున్నది అడిగి తీసుకున్నారు. ఆవిడ కిక్కురుమనకుండా ఇచ్చింది. కొత్తల్లుడు ఆరోజు ఒక్కసారి కూడా అలగలేదు.

ఫోటో చూశాను. మచ్చ ఉంది. పెదవి చివర సన్నగా మొదలై, చెంప మీద వెడల్పై, అంచులు చిన్నచిన్న వంపులు తిరిగి ఉంది. రోజూ అద్దంలో చూసేదే. అయితే అద్దం ముందు నిలబడగానే నా మొహం నేను సర్దుకుంటానని ఆ ఫోటో చూశాకే తెలిసింది. ఇందులో సర్దుకోలేదు. కోపంగా కూడా లేను. నలభై దాటిన ఒక మనిషి, బొల్లి ఉన్న మనిషి, ఎదురుగా చూస్తోంది. వాదించడానికి ఏమైనా దొరుకుతుందేమోనని రెండుసార్లు చూశాను.

"బావుందండీ" అన్నాను.

"బావుండటానికేముంది?" అన్నారాయన పంచెలు విప్పుకుంటూ. "ఇది లాకు పని. ఫోటోగ్రఫీ ఎక్కడుంది ఇందులో?"

ఆఫీసులో గుమాస్తా ఆ ఫోటో తీసుకుని, వెనకాల తెల్లగా ఉందో లేదో చూసి, దరఖాస్తుకి పిన్ను కొట్టాడు.

"సరిగ్గా చూడండి. నేనేనా?" అన్నాను.

"ఆయ్, మీరేనండి" అన్నాడు తలెత్తకుండానే. ఇంత యుద్ధం చేసింది ఇతని కోసమా అని మెట్లు దిగుతూ ఏడుపొచ్చినంత పనైంది. కార్డు వచ్చింది. స్టాలూ వచ్చింది.

బావగారు మాత్రం ఆ ఫోటోని ఏనాడూ తనదని ఎవరికీ చూపించలేదు. లేసు ఫోటోని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, ఆయన సున్నం వేసిన గోడకి తగిలించారు. నేను తీసేశాను. మళ్ళీ తగిలించారు. మళ్ళీ తీసి బీరువా పక్కన గోడ వైపు తిప్పి పెట్టాను. ఎవరైనా వస్తే ఆయన అది బయటికి లాగి, "మా మరదలండి. ఇందులో మచ్చ ఎక్కడుందో కనుక్కోండి చూద్దాం" అనేవారు. నేను పైనుంచి వినేలా అనేవారు. "మళ్ళీ మొదలెట్టారా!" అని నేను మెట్ల మీంచే అరిచేదాన్ని. ఆయన ఆసుపత్రికి వెళ్ళడానికి వారం ముందు కూడా ఆ మేకు దగ్గర మా గొడవ నడిచింది. ఆ ఫోటోలో ఆయన నన్ను దాచారా, నాకు తోడిచ్చారా అన్నది మా ఇద్దరికీ తేలలేదు. తేలకుండానే ఆయన వెళ్ళిపోయారు. సగంలో లేచి వెళ్ళడం ఆయనకి అలవాటే గాని, ప్రతిసారీ తిరిగొచ్చి గుమ్మంలో నిలబడేవారు.

దినం అయ్యాక అక్కయ్య ఆ ఫ్రేము తుడిచి మళ్ళీ మేకుకి తగిలించింది. తీసేద్దామని స్టూలు దాకా వెళ్ళాను. తీస్తే మళ్ళీ తగిలించేదెవరు? ఊరుకున్నాను. అది అక్కడే ఉంది. అది నచ్చిందని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

నిన్న పాలకొల్లు నుంచి ఫోనులో ఆల్బం పేజీ పంపించారు. పిల్ల పక్కన నేను, రెండు చెంపలూ నున్నగా, ఒకే రంగులో. అంత చెప్పినా తీసేశాడు. వెంటనే ఆ ఫోటోగ్రాఫరుకి ఫోను చేశాను.

"అయ్యో, పొరపాటైపోయిందండి. అలవాటులో చేసేశారు మావాళ్ళు" అన్నాడు.

"సరే, మళ్ళీ పెట్టండి."

"మళ్ళీ పెట్టాలంటే కష్టమండి. అసలు ఫోటో ఉంచలేదు కదండి. ఎక్కడ ఎంత ఉందో మాకు తెలియదు. చెయ్యాలంటే చెయ్యొచ్చు గాని..." కొంచెం నసిగాడు. "దానికి ఎక్స్‌ట్రా అవుద్దండి."

రేపు పొద్దున్న బస్సుకి పాలకొల్లు వెళ్తున్నాను. కార్డు కోసం తీసిన ఫోటో కాపీలు ఇంకా మిగిలున్నాయి. ఒకటి పర్సులో పెట్టుకున్నాను. మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడిదాకా ఉందో అందులో తేటగా కనిపిస్తుంది. పక్కన పెట్టుకుని చూసి వేసుకోమంటాను. రెండు పక్కలా మట్టం సమానంగానే ఉంది.